దొంగ మట్టికి దొర బిల్లు

మీ ఊరి పక్కన ఒక కొండ ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరికి చెప్పుకుంటారు?

పోలీసు స్టేషనుకు వెళ్లండి. ‘చివరిసారి ఎప్పుడు చూశారు?’ అని అడగరు గానీ, ఆ చూపు మాత్రం అలాగే ఉంటుంది. ‘మాది కాదండీ, మైన్స్ వాళ్లను కలవండి’ అంటారు. మైన్స్ ఆఫీసులో ఏడీ గారు ఫీల్డుకు వెళ్లి ఉంటారు. ఆ ఫీల్డు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ‘భూమి రెవెన్యూది. ఎన్‌వోసీ ఇచ్చింది తహసీల్దారు’ అంటాడు గుమాస్తా. తహసీల్దారేమో ‘మేం ఇచ్చింది ఈ సర్వే నంబరుకే. పక్క నంబరులో తవ్వితే మైన్స్ వాళ్లే చూసుకోవాలి’ అంటారు. కాలుష్య నియంత్రణ మండలిది ఇంకో పాట. దుమ్ము లేస్తే వాళ్లు చూస్తారట. కొండనే లేపేస్తే సంబంధం లేదట. పేలుడు సామగ్రికి లైసెన్సులిచ్చే సంస్థ నాగపూర్‌లో ఉంది. గని కార్మికుల భద్రత చూసే డైరెక్టరేట్ ధన్‌బాద్‌లో ఉంది. ఓవర్‌లోడు సంగతి రవాణా శాఖది.

ఇక మిగిలింది మన మున్సిపాలిటీ. కమిషనర్ గారు గోడమీది మ్యాపు చూపిస్తారు. ‘మా హద్దు ఇక్కడితో సరి. కొండ అవతల ఉంది.’

ఉంది కాదు సార్. ఉండేది.

చట్టం లేక ఈ గతి పట్టలేదు. గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1957లోనే వచ్చింది. భవన నిర్మాణ రాయి, గ్రావెల్, మామూలు బంకమన్ను, మామూలు ఇసుక చిన్న తరహా ఖనిజాలని అందులోనే రాశారు. మెరకకు వాడే మామూలు మట్టిని 2000 ఫిబ్రవరిలో ఆ జాబితాలో చేర్చారు. వీటికి నిబంధనలు రాసుకునే అధికారం 15వ సెక్షన్ కింద రాష్ట్రాలకు ఇచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆ నిబంధనలు 1966లో వచ్చాయి. అంటే చట్టానికీ, నిబంధనలకూ రిటైరయ్యే వయసు వచ్చింది. పని చేయడం మానేసింది అందుకేనేమో!

మున్సిపాలిటీ ‘మాది కాదు’ అంటోంది కదా. ఆ మాటా చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణ పాలక సంస్థలకు 18 పనులు రాశారు. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగ నియంత్రణ. నాలుగోది రోడ్లు, వంతెనలు. ఎనిమిదోది పట్టణ వనాలు, పర్యావరణ రక్షణ. మనవాళ్లు ఒకటీ రెండూ దాటేసి నేరుగా నాలుగో దాంట్లో దిగారు. ఎనిమిది దాకా రానేలేదు. ఎందుకో చెప్పాలా? నాలుగో దాంట్లో టెండరుంది.

రంగుల పటంలో లేని గుంత

మాస్టర్ ప్లాన్ ఎప్పుడైనా చూశారా? చూసి తీరాలి. ముచ్చటగా ఉంటుంది. పసుపు రంగు నివాస ప్రాంతం. ఆకుపచ్చ పార్కు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. నీలం చెరువు. ఇప్పుడక్కడ ‘లేక్ వ్యూ’ అపార్టుమెంటుంది. వ్యూ ఉంది, లేకే లేదు. ఇరవై ఏళ్లకు జనాభా ఎంతవుతుంది, మంచినీళ్లు ఎన్ని కావాలి, చెత్త ఎన్ని టన్నులు వస్తుంది, అన్నీ లెక్కలు కట్టి ఉంటాయి.

మరి ఆ జనాభాకు ఇళ్లు కట్టాలి. ఇళ్లకు రోడ్లు వేయాలి. రోడ్ల కింద గ్రావెల్ పరవాలి. దాని మీద కంకర వేయాలి. ఆ గ్రావెల్ ఎక్కడిది? ఆ కంకర ఏ కొండది? పటమంతా భూతద్దం పెట్టి వెతకండి. కనిపించదు. రోడ్డుంటుంది, రోడ్డుకు కావలసిన రాయి మాత్రం ఆకాశం నుంచి రాలుతుంది.

ఎక్కడ తవ్వాలి? ఎంత లోతు తవ్వాలి? ఎన్నేళ్లు తవ్వాలి? టిప్పర్లు ఏ దారిన పోవాలి? తవ్వడం అయిపోయాక ఆ గుంతను ఏం చేయాలి? ఈ అయిదింటికీ ముందే జవాబు రాసి పెట్టుకుంటే దాన్ని ప్రణాళిక అంటారు. రాయకపోతే ఏమవుతుంది? ఎవడికి ఎక్కడ సందు దొరికితే అక్కడ పొక్లెయిన్ దిగుతుంది. చెరువులో దిగుతుంది. శ్మశానం పక్కన దిగుతుంది. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిలో దిగుతుంది. చివరికి పోలవరం కుడి కాలువ గట్లమీది మట్టి కూడా టిప్పర్లెక్కింది. ప్రజల సొమ్ముతో తవ్వి గట్టుగా పోసిన మట్టిని మళ్లీ తవ్వుకుపోయారు. వీళ్ల చేతికి ఏకంగా ప్రాజెక్టే ఇచ్చి ఉంటే ఎప్పుడో పూర్తి చేసేవారు!

హద్దు అవతల ఉందన్నారు కదా. ఊరు పెరగదా? 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకొని విశాఖ గ్రేటర్ అయింది. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలుపుకొని హైదరాబాద్ గ్రేటర్ అయింది. హద్దు జరిగినప్పుడు ఊళ్లతోపాటు వాటి గుంతలూ లోపలికి వచ్చాయి. పన్నులు వసూలు చేయడానికి ఇళ్లు మావి, గుంత మాత్రం మాది కాదంటే ఎలా కుదురుతుంది?

కుదిరింది. గుంతలో చెత్త పోయడం మొదలుపెట్టారు. దానికి మాత్రం హద్దు అడ్డు రాలేదు.

హైదరాబాద్ రాళ్ల కథ ఇంకా పసందు. ఆ శిలల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాటిలో తొమ్మిది శిలాకృతులను పట్టణాభివృద్ధి సంస్థ ఒకప్పుడు వారసత్వ జాబితాలో చేర్చింది. జనం చప్పట్లు కొట్టారు. 2015 డిసెంబరులో ఆ జాబితాకు ఆధారమైన పదమూడో రెగ్యులేషన్‌నే ప్రభుత్వం ఎత్తేసింది. రాయిని కదిలించాలంటే జెలటిన్ కావాలి. రాయికున్న రక్షణను కదిలించడానికి ఒక జీవో చాలు. 250 కోట్ల ఏళ్లు ఎండకూ వానకూ నిలిచింది పాపం, మన పాలనకు ఇరవై ఏళ్లు కూడా ఆగలేకపోయింది.

భీమిలి ఎర్రమట్టి దిబ్బలదీ అదే వరస. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ సంపద అది. బడి పిల్లలను బస్సుల్లో తీసుకొచ్చి చూపిస్తారు. 2024 జులైలో ఆ దిబ్బల దగ్గరికి యంత్రాలొచ్చాయి. చదును చేశాయి. వారసత్వం చూడ్డానికి కాదు, ప్లాట్లు వేయడానికి. జనం గొడవ చేశాక పని ఆగింది. గొడవ చేయకపోతే? అక్కడా మాస్టర్ ప్లాన్ ఉంది. అక్కడా కార్పొరేషన్ ఉంది. కానీ పొక్లెయిన్ చప్పుడు ముందు జనానికే ఎందుకు వినిపిస్తుంది? ఆఫీసుల్లో ఏసీ చప్పుడు అంత ఎక్కువా?

4.99 హెక్టార్ల మాయ

ఇప్పుడు లీజు కాగితాలు చూద్దాం. వాటిలో ఒక అంకె పదే పదే కనబడుతుంది. 4.9 హెక్టార్లు. 4.95 హెక్టార్లు. 4.99 హెక్టార్లు. దేవుడు మన కొండలన్నీ ఒకే కొలతతో పోతపోశాడా?

దేవుడి పని కాదు. లీజు అయిదు హెక్టార్లు దాటిందా, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. జనం ముందు నిలబడాలి. దాటలేదా, ఆ బాధ తప్పుతుంది. అందుకే కొండను ముక్కలు కోస్తారు. ఒక ముక్క బావమరిది పేరు మీద, ఒక ముక్క మేనల్లుడి పేరు మీద, ఇంకో ముక్క డ్రైవరు పేరు మీద. 500 మీటర్ల లోపు ఉన్న లీజులన్నింటినీ ఒకే క్లస్టర్‌గా లెక్కించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2016 నోటిఫికేషన్‌లో ఉంది. కొలవాల్సిన టేపు ఎవరి చేతిలో ఉంది? ఆ చెయ్యి ఎవరి జేబులో ఉంది?

సరే, ఖర్మకాలి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సి వచ్చిందనుకోండి. అదీ ఒక జాతరే. పనిరోజు పదకొండు గంటలకు షామియానా వేస్తారు. కూలికి పోయేవాళ్లు పోయాక అన్నమాట. ముందు మూడు వరసల్లో తెల్ల చొక్కాల కుర్రాళ్లు కూర్చుంటారు. ఏ ఊరివాళ్లో ఆ ఊరికే తెలియదు. పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలని నిబంధన. ఉంటుంది. ‘ప్రతికూల ప్రభావములు నగణ్యముగా పరిగణింపబడినవి’ అని ఉంటుంది. దుమ్ము మింగేవాడికి అర్థం కాకుండా రాయడానికి ఎంత కష్టపడ్డారో! వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేస్తుంది. ‘బాంబు పేలినప్పుడల్లా మా గోడ బీటలిస్తాంది సారూ. బోరు ఎండిపాయె. అది రాసుకున్నారా?’ అంటుంది. పెద్దసారు మైకు దగ్గరికి లాక్కుంటారు. ‘అమ్మా, మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం.’ చప్పట్లు. బిర్యానీ పొట్లాలు. సభ సమాప్తం. గోడ బీట అభిప్రాయమట! ఇంకో నెలకు అనుమతి వస్తుంది. ఆ గోడ ఇంకో బీటతో తన అభిప్రాయం చెబుతుంది.

ఢిల్లీ సంగతి వేరేగా ఉందనుకోకండి. చిన్న లీజులకూ పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చెప్పింది. ఆ తర్వాత మన ప్రభుత్వాలు ఏం చేశాయి? కోర్టు మాట ఎలా అమలు చేయాలా అని కాదు, ఎలా తప్పించుకోవాలా అని తలలు బద్దలు కొట్టుకున్నాయి. 2020 మార్చి 28 గుర్తుందా? లాక్‌డౌన్ మొదలై నాలుగో రోజు. మీరూ నేనూ తలుపులేసుకుని పళ్లేలు వాయించిన అలసట తీర్చుకుంటున్నాం. వలస కూలీలు రోడ్డు మీద నడుస్తున్నారు. సరిగ్గా ఆరోజు కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టుల కోసం మామూలు మట్టి తవ్వుకుంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఎంత మట్టి? చెప్పలేదు. ఏ ఏ ప్రాజెక్టులు? సరిగా నిర్వచించలేదు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మినహాయింపు పోయింది సరే. ఆ నాలుగేళ్లలో పోయిన మట్టి? కోర్టు తీర్పు మినహాయింపును కొట్టేయగలదు గానీ, గుంత పూడ్చలేదు కదా.

రాత్రి పూట అభివృద్ధి

అభివృద్ధి రాత్రిపూటే ఎందుకు జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? పదకొండు దాటితే టిప్పర్ల వరస మొదలవుతుంది. మీద టార్పాలిన్ ఉండదు. నంబరు ప్లేటు మీద మట్టి పూసి ఉంటుంది. మట్టి వ్యాపారం కదా, కాస్త అంటదా మరి! వే బిల్లు ఒకటే. ట్రిప్పులు పది. తేదీ పెన్సిలుతో రాస్తారు. చెక్‌పోస్టులో ఆపితే కాగితం చూపిస్తారు. ఆ కాగితం చూపించనక్కర్లేదని ముందే ఫోను వచ్చి ఉంటుంది.

చట్టానికి కోరలు లేవంటారా? ఉన్నాయి. అక్రమంగా తవ్వితే అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు అయిదు లక్షల దాకా జరిమానా అని గనుల చట్టం 21వ సెక్షన్ అంటుంది. మట్టి, ఇసుక ఎత్తుకుపోతే గనుల చట్టమే కాదు, దొంగతనం కేసు కూడా పెట్టొచ్చని 2014లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మరి జైలుకెళ్లిన మట్టి దొర ఒక్కడి పేరు చెప్పండి. గుర్తు రావడం లేదా? రాదు. ఎందుకంటే అదే చట్టంలో 23ఏ సెక్షన్ ఉంది. సొమ్ము కట్టి రాజీ చేసుకోవచ్చు. దొరికితే కట్టాలి, దొరక్కపోతే అక్కర్లేదు. లాటరీలో కూడా ఇంత మంచి అవకాశం రాదు.

అప్పుడప్పుడూ విజిలెన్స్ దాడి జరుగుతుంది. మర్నాడు పేపర్లో ఫొటో. ఒక ట్రాక్టరు, దాని పక్కన తల వంచుకున్న డ్రైవరు, వెనక ఆరుగురు అధికారులు. వాళ్ల వెనక లేని కొండ. కొండను తవ్వి ఎలుకను పట్టారంటే ఇదే. పట్టిన ఎలుకకు రోజు కూలి బాకీ.

మీరే కొని మీరే కోసి

ఇంతవరకూ అందరం గుంత వైపే చూశాం. తవ్వినవాణ్ని తిట్టాం. వదిలేసినవాణ్ని తిట్టాం. ఒక్కసారి తల ఇటు తిప్పండి. ఆ మట్టి కొంటున్నది ఎవరు?

వార్డులో సీసీ రోడ్డు. శివారులో బైపాస్. పార్కు ప్రహరీ. పల్లపు ఇళ్ల స్థలాల మెరక. ఎమ్మెల్యే గారి సభకు మైదానం చదును. గ్రావెల్ వ్యాపారికి పెద్ద ఖాతాదారు ఎవరో కాదు, ప్రభుత్వమే. ఉద్దెర ఖాతా అయినా నమ్మకమైన ఖాతా.

మున్సిపల్ పని ఎలా నడుస్తుందో చూడండి. గ్రావెల్ ఎన్ని ఘనపు మీటర్లో ఎస్టిమేటులోనే రాస్తారు. ఎంత దూరం నుంచి తేవాలో, అంటే లీడు ఎంతో రాస్తారు. సీనరేజీ, అంటే ఖనిజానికి ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము ఎంతో విడిగా చూపిస్తారు. పని అయ్యాక ఏఈ కొలుస్తాడు. ఎంబుక్కులో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కిస్తాడు. డీఈ సరిచూసి సంతకం పెడతాడు. ఇన్ని కళ్లు. ఇన్ని సంతకాలు. కాంట్రాక్టరు పర్మిట్లు తెస్తే సరే. తేకపోతే? పని ఆపుతారా? ఈ మట్టి ఎక్కడిదయ్యా అని నిలదీస్తారా? కేసు పెడతారా?

అంత శ్రమ ఎందుకు? బిల్లులో సీనరేజీ కోసుకుంటారు. ఆ సొమ్ము గనుల శాఖ పద్దులో పడుతుంది. అక్కడితో సరి. మట్టికి పుట్టుమచ్చలుండవు కదా, రోడ్డు కిందికి వెళ్లాక అది మర్యాదస్తుల మట్టి.

బంగారం కొట్టువాడు దొంగ గాజులు కొంటే ఏం చేస్తారు? కొట్టు ముందుకే జీపు వస్తుంది. ‘నాకు తెలియదు సార్, పన్ను కట్టే కొన్నాను’ అంటే వదులుతారా? మరి మున్సిపాలిటీ దొంగ మట్టి కొని, పన్ను మినహాయించుకుని, బిల్లు పాస్ చేస్తే దాన్ని ఏమంటారు? ఆదాయం అంటారు. బడ్జెట్ ప్రసంగంలో చదువుతారు.

లీడు సంగతి అడగండి. ఎస్టిమేటులో గ్రావెల్ ఇరవై కిలోమీటర్ల నుంచి వస్తుంది. నిజంగా వచ్చేది ఊరి వెనక కొండ నుంచి అయితే? కొండ పోయె. కాలని డీజిలుకూ బిల్లు పాసాయె. ఎంబుక్కులో సంతకం పెట్టినవారికి ఆ కొండ ఆఫీసు కిటికీలోంచే కనిపించేది కదా. రోజురోజుకూ పొట్టిదవుతుంటే కిటికీ తెర వేసుకున్నారా?

2022లో ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. సీనరేజీ వసూలు హక్కును జిల్లాల వారీగా వేలం వేసి ప్రైవేటు ఏజెన్సీల చేతికిచ్చింది. ఆలోచించండి. కోట్లు పోసి వేలం పాడినవాడికి కావలసింది ఏమిటి? తక్కువ తవ్వకమా, ఎక్కువ తవ్వకమా? వాడు దారిలో నిలబడి చూసేది పర్మిట్టా, ట్రిప్పుల సంఖ్యా? కంచె వేయమంటే చేను వేలం వేశారు.

తిలా పాపం తలా పిడికెడు. తవ్వినవాడికి లాభం. తోలినవాడికి లాభం. కాంట్రాక్టరుకు లాభం. ఖజానాకు సీనరేజీ. నష్టం ఎవరికి? కొండకు, కొండ కింది బోరుకు, బోరు కింది ముసలమ్మకు. ముగ్గురికీ ఎంబుక్కులో కాలమ్ లేదు.

మీటరున్నర మెట్టు

1961 నాటి మెటాలిఫెరస్ గనుల నిబంధనల్లో 106వది చదవండి. మొరం, గ్రావెల్, బంకమన్ను లాంటి మెత్తటి నేల తవ్వితే అంచు 45 డిగ్రీలు మించని వాలుగా ఉండాలి. లేదా మెట్లు మెట్లుగా తవ్వాలి. ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర మించకూడదు. వెడల్పు ఎత్తు కన్నా తగ్గకూడదు.

ఇప్పుడు మీకు దగ్గర్లోని గ్రావెల్ క్వారీకి వెళ్లి చూడండి. మూడంతస్తుల మేడంత గోడ నిట్టనిలువునా ఉంటుంది. పైన అంచున ఒక వేపచెట్టు. దాని వేళ్లు సగం గాల్లో వేలాడుతుంటాయి. సరిగ్గా దాని కింద ట్రాక్టరు. ట్రాక్టరు నీడలో కూలీల అన్నం క్యారేజీలు. మెట్లేవి? మెట్లన్నీ మైన్స్ ఆఫీసుకు ఎక్కేవే.

ఫలితం చదవాలా? 2018 ఆగస్టు 3. కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ రాతి క్వారీలో పేలుడు. కనీసం పది మంది చనిపోయారు. వలస కూలీలు. 2021 మే 8. కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె. క్వారీ దగ్గర జెలటిన్ కర్రలు దించుతుంటే పేలుడు. పది మంది చనిపోయారు. 2025 ఆగస్టు 3. బాపట్ల జిల్లా బల్లికురవ. గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి ఒడిశా కూలీలు ఆరుగురు చనిపోయారు. తొలి దుర్ఘటనకూ చివరి దుర్ఘటనకూ తేదీ ఒకటే. ఏడేళ్లు తేడా. ప్రభుత్వాలు మారాయి. పార్టీలు మారాయి. జెండాలు మారాయి. మారనిది సంతాప సందేశం ఒక్కటే. ‘తీవ్ర దిగ్భ్రాంతి.’ ‘సమగ్ర విచారణ.’ ‘బాధ్యులెవరైనా ఉపేక్షించం.’ దిగ్భ్రాంతి దేనికి సార్? గోడ నిట్టనిలువునా ఉందని మీకు ముందే తెలియదా? తనిఖీ రిజిస్టరులో ఏం రాశారు, గోడ బాగా పెరుగుతోందనా?

గడ్డి సంగతి

తవ్వడం ముగిసింది. పొక్లెయిన్ పోయింది. లీజుదారు పోయాడు. గుంత మిగిలింది. వానాకాలం నీళ్లు నిండుతాయి. అంచు ఎక్కడో, లోతు ఎంతో పైకి తెలియదు. సెలవు రోజు పిల్లలు ఈతకు దిగుతారు. ఏటా ఎక్కడో ఒకచోట వార్త. అదే ఏడుపు. అప్పుడు మున్సిపాలిటీ మేలుకుంటుంది. కంచె వేస్తుందా? లేదు. బోర్డు పెడుతుంది. ‘ప్రమాదం. ఈతకు అనుమతి లేదు.’ తవ్వడానికి మాత్రం ఉండింది!

ఇంకో ముచ్చట వినండి. తవ్వకం అయిపోయాక లీజుదారే ఆ నేల మీద మళ్లీ గడ్డి పెంచాలని, పశువుల మేతకు పనికొచ్చేలా చేయాలని, ఈ షరతు లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. మీ ఊరి క్వారీలో గడ్డి మొలిచిందా? లేదా? అయితే మొలిచే ఉంటుంది, ఎవరో కరిచేసి ఉంటారు. డబ్బు కోసం గడ్డి కరిచేవాళ్లకు మన దగ్గర కొరతా!

విశాఖలో రుషికొండను చెక్కినప్పుడు మాత్రం పచ్చదనం వెంటనే వచ్చింది. చెక్కిన వాలు మీద ఆకుపచ్చ పట్టాలు కప్పారు. నీళ్లు పోయనక్కర్లేదు. మేకలు మేయవు. ఎర్త్ డే నాడు ఫొటోకు బాగుంటుంది.

తవ్వకాల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువులాంటి వాటికి, మిగతా 40 శాతం దాకా రోడ్లు, వంతెనలు వగైరాలకు అని మొదటి మార్గదర్శకాల్లో రాశారు. బాగుంది కదా? ఊరికి దుమ్ము వచ్చింది. దుమ్ముకు పరిహారంగా రోడ్డు వచ్చింది. రోడ్డుకు గ్రావెల్ కావలసి వచ్చింది. గ్రావెల్‌కు ఇంకో కొండ కావలసి వచ్చింది. ఊరి ఊపిరితిత్తులు మాత్రం పీహెచ్‌సీ వరండాలో దగ్గుతూ కూర్చున్నాయి.

ఉక్కుపాదం

‘అయితే అభివృద్ధి వద్దంటారా? రోడ్లు వద్దా? ఇళ్లు వద్దా?’ ఈ ప్రశ్న ఎప్పుడూ కారు అద్దం దించి అడుగుతారు. వద్దని ఎవరన్నారు? రాయి లేకుండా ఇల్లు లేదని మాకూ తెలుసు. మేం అడిగేది లెక్క. తవ్వండి, కానీ చెప్పి తవ్వండి. మాస్టర్ ప్లాన్‌లో గుంతకూ ఒక రంగు వేయండి. అది ఎన్నేళ్లకు మూతపడుతుందో దాని పక్కనే రాయండి. పూడ్చడానికయ్యే సొమ్ము తవ్వకానికి ముందే డిపాజిట్ కట్టించుకోండి. ఏజెన్సీ ప్రాంతంలో గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు లేకుండా చిన్న ఖనిజాల లీజు ఇవ్వకూడదని 1996 పెసా చట్టం చెబుతోంది. అడవిలో బతికే గిరిజనుడిని అడగాలని చట్టం ఒప్పుకుంది. పట్నం శివారులో పన్ను కట్టి బతికేవాడిని అడిగితే ఏం పోతుంది?

ఇవన్నీ కష్టమా? సరే, ఒక్కటి చేయండి. పర్మిట్టు చూపించని గ్రావెల్‌కు బిల్లు ఇవ్వకండి. సీనరేజీ కోసి ఇవ్వడం కాదు. అసలు ఇవ్వకండి. పని దగ్గర పెట్టే బోర్డు మీద కాంట్రాక్టరు పేరు, ఎస్టిమేటు, నాయకుల పేర్లు రాస్తున్నారు కదా. వాటి కింద ఇంకో వరస రాయండి. మట్టి ఏ సర్వే నంబరుది, ఏ లీజుది, ఏ పర్మిట్లది. రాయడానికి పెయింటు చాలకపోతే నాయకుల పేర్లు ఒకటి తగ్గించండి.

కొత్త చట్టం అక్కర్లేదు. కమిటీ అక్కర్లేదు. డ్రోన్లు అక్కర్లేదు. టిప్పర్లకు జీపీఎస్ అని ఇంకో టెండరు అక్కర్లేదు. కొనేవాడు కొననంటే తవ్వేవాడు ఎవరికోసం తవ్వుతాడు? ఎంబుక్కు మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్క నెల ఆగితే కొండల మీద సగం యంత్రాలు ఆగుతాయి. ఆ చెయ్యి ఎందుకు ఆగదో మీకు తెలుసు. దాన్ని ఆగనివ్వని చెయ్యి ఏదో కూడా తెలుసు. అయిదేళ్లకోసారి అదే చెయ్యి మన ముందు జోడించి నిలబడుతుంది.

అక్రమ తవ్వకాలపై ఉక్కుపాదం మోపుతామని మళ్లీ ప్రకటన వచ్చింది. సంతోషం. మోపండి సార్. మోపే ముందు ఒక్కసారి కిందికి చూసుకోండి. ఆ పాదం నిలబడి ఉన్నది ఎవరి మట్టి మీద? దానికి బిల్లు పాస్ చేసింది ఎవరు?